సమానంగా గీసిన మెట్లు

ఆ ఆదివారం ఉదయం చీపురుపల్లిలో నా అద్దె ఇంటి వరండాలో ఉన్నవి: రెండు ప్లాస్టిక్ కుర్చీలు, డ్రాయింగ్ బోర్డు, 2బి, 4బి పెన్సిళ్లు, స్కేలు, డివైడర్, రబ్బరు. ఉన్నవాళ్లం ముగ్గురం: చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న ఇంటి ఓనరు మామ్మ, నేను, ఆమె.

ఆమె పేరు నాకు తెలియదు. విజయనగరంలో నా బొమ్మలు పెట్టిన చిన్న ప్రదర్శనలో కనిపించింది. ఒక బొమ్మ ముందు ఆగి, "ఈవిడకి ముక్కు తర్వాత అతికించారేటి?" అంది. నిజమే, ముక్కు చివర్లోనే గీశాను. మిమ్మల్ని గీయనిస్తారా అని అక్కడే అడిగేశాను. మూడు షరతులు పెట్టింది. పేరు అడగకూడదు, ఊరు అడగకూడదు, చేతివేళ్లు గీయకూడదు. ఏది తప్పినా మళ్లీ రానంది.

ఆరు ఆదివారాలు బస్సులో వచ్చి, చేతులు చున్నీ కింద దాచుకుని కూర్చుంది. నేను శుక్రవారమే పెన్సిళ్లు చెక్కేసి, శనివారం మళ్లీ చెక్కేవాణ్ణి.

ఇది ఏడో ఆదివారం.

"పేరు సెప్పవు, ఊరు సెప్పవు. రేపు శుభలేఖ మీద ఏటని ఏయిస్తామే గుంటా?" అంది మామ్మ.

"ఖాళీ ఒగ్గీండి మామ్మా."

నా చెవులు వేడెక్కాయి. శుభలేఖ వద్దని మాత్రం ఆమె అనలేదు.

వేళ్లు గీయకూడదు కాబట్టి బొమ్మలో ఒడి బోసిగా ఉంది. అక్కడొక వీణ పెట్టాను. ఫొటో చూసి వీణ మెడ మీద తీగల కింద ఉండే మొదటి మెట్టు, చివరి మెట్టు గుర్తు పెట్టి, మధ్య దూరాన్ని డివైడర్‌తో ఇరవై మూడు సమభాగాలు చేశాను. అర మిల్లీమీటరు కూడా తేడా లేదు. గర్వంగా బోర్డు ఆమె వైపు తిప్పాను.

ముందుకు వంగి చూసింది.

"ఇది పలకదు."

"బొమ్మే కదండీ."

"బొమ్మయితే మాత్రం? తీగలు బిగించే బిరడాల కాడ ఎడంగా ఉండాల. కుండ వైపు ఎల్లేకొద్దీ దగ్గరవ్వాల. ఇలాగిటివ్వండి ఇంజనీరు గారూ."

చున్నీలోంచి రెండు చేతులూ బయటికొచ్చాయి. గోళ్ల అంచుల్లో సన్నని నల్ల గీత. రబ్బరు తీసుకుని నా మెట్లు చెరపడం మొదలెట్టింది. ఒక్కో స్వరం గొంతులో పలికి, విని, అక్కడ గీత పెట్టింది. స్కేలు ముట్టుకోలేదు. నేను ఆ వేళ్లనే చూశాను.

"మైనంలో మసి కలిపి మెట్లు కూరుస్తాం. గోళ్లలోంచి ఓ పట్టాన పోదు," అని, ఠక్కున ఆగింది.

"నేనేమీ అడగలేదు," అన్నాను.

"అడగలేదు. నేనే సెప్పీసాను." పెన్సిల్ కింద పెట్టింది. "నాన్నకి వినికిడి తగ్గిపోయింది. రెండేళ్లుగా మెట్లు నేనే కూరుస్తన్నాను. బొబ్బిల్లో ఎవరికీ తెలీదు. తెలిస్తే ఇది నాన్న చేసిన వీణ కాదంటారు, కొనరు."

ఇద్దరం మామ్మ వైపు తిరిగాం.

"నాకేటీ ఇనపళ్లేదు. కాయల్నిండా పుచ్చులే, అయ్యి సూసుకుంటన్నాను."

ఆమె లేచి సంచి తగిలించుకుంది. పేరు మినహా అన్నీ బయటపడ్డాయి. ఇక రాదేమోనని భయం వేసింది.

"వచ్చే ఆదివారం..." అన్నాను.

వరండా మెట్లు దిగుతూ వెనక్కి తిరిగింది. "రాకపోతే సేతి ఏళ్లు ఎవల్ని సూసి గీస్తారు?"

బస్సు కనుమరుగయ్యే వరకు వీధిలోనే నిలబడ్డాను. తర్వాత వరండాలోకి పరుగెత్తి బోర్డు ముందు కూర్చుని లెక్కపెట్టాను. మొత్తం మెట్లు ఇరవై నాలుగు. నేను గీసినవాటిలో ఆమె చెరపకుండా ఉంచినవి రెండు: మొదటిది, చివరిది.