దేవుడి ముందు ఒప్పుకున్న గ్యాసు

ఆ రోజు పొద్దున్న కోల్డ్ స్టోరు తలుపు తీసి లోపలికి అడుగు పెట్టగానే గొంతు బిగుసుకుపోయింది. కళ్ళు భగ్గుమన్నాయి. బయటికి పరుగెత్తుకొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఊపిరి లోపలికి వెళ్తోంది గాని బయటికి రావడం లేదు. ఎవరినైనా పిలుద్దామని నోరు తెరిస్తే మాట రాలేదు. అంతకుముందు దాకా నాకు జలుబు తప్ప జబ్బు తెలియదు.

నేను పనిచేసింది రొయ్యల ప్లాంటులో. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన రొయ్యలను గడ్డకట్టించి, పెట్టెల్లో సర్ది ఎగుమతి చేస్తారు. గణపవరం దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది. మాది పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. నాన్న ఇప్పటికీ చేస్తున్నారు. ఆ ఇంటి పిల్ల రొయ్యల ప్లాంటులో స్టాకు సూపర్‌వైజరేమిటని బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు. రొయ్యను ముట్టను గాని రొయ్యల పెట్టెలు లెక్కపెట్టడానికి నాకేం అభ్యంతరం లేదని చెప్పాను. మా ఆయన టీచరు. ఇద్దరం సంపాదిస్తే తప్ప ఇల్లు గడవదు.

ప్లాంటులో చలి పుట్టించేది అమ్మోనియా గ్యాసు. పైపుల్లోనో, వాల్వుల దగ్గరో అది ఎప్పుడూ కొంచెం కారుతూనే ఉండేది. వాసన రాగానే తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకోవాలి. మాకున్న సేఫ్టీ అదొక్కటే. అసలైన మాస్కులు లేకపోలేదు. ఓనరు గారి గదిలో, అద్దాల బీరువాలో, తనిఖీకి వచ్చేవాళ్ళకు కనపడేలా ఉండేవి. వాటి మీద దుమ్ము పడకుండా రోజూ తుడిపించేవారు. మా ఊపిరితిత్తుల మీద మాత్రం అంత శ్రద్ధ చూపించలేదు.

ఆ రోజు వాల్వు దగ్గర గట్టిగానే లీకయింది. మేనేజరు నన్ను ఓనరు గారి కారులో తాడేపల్లిగూడెంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డ్యూటీ డాక్టరు ఏమైందని అడిగారు. నాకు గొంతు లేదు. మేనేజరుకు ఉంది.

"చిన్నప్పట్నుంచీ డస్ట్ ఎలర్జీ అండీ ఈవిడకి," అన్నాడు.

కాదని తల ఊపి ఉండొచ్చు. కాగితం అడిగి రాసి ఉండొచ్చు. కానీ వాళ్ళ కారులో వచ్చి, మేనేజరు ముందే అతని మాట కాదనడం బాగుండదనిపించింది. మా జిల్లా మర్యాద అలాంటిది. ఊపిరాడక చస్తున్నా ఎదుటివాడు చిన్నబోతాడేమోనని చూస్తాం. నెబ్యులైజర్ పెట్టి, ఇంజెక్షన్ చేసి సాయంత్రానికి ఇంటికి పంపించారు. కేసు షీటులో డస్ట్ ఎలర్జీ అనే రాశారు.

తర్వాత దగ్గు పట్టుకుంది. పోపు ఘాటు పడేది కాదు. ఫినాయిలు వాసన, అగరొత్తి వాసన, ఏదొచ్చినా గొంతు మూసుకుపోయేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. అదే ఆసుపత్రికి మళ్ళీ వెళ్తే ఎక్స్‌రే తీసి, "లంగ్స్ క్లియర్‌గా ఉన్నాయమ్మా, టెన్షన్ తగ్గించుకోండి," అన్నారు. టెన్షన్ తగ్గించుకునే ప్రయత్నంలో మళ్ళీ డ్యూటీకి వెళ్ళాను.

ఈలోగా ఓనరు గారు కూడా ఒక ప్రయత్నం చేశారు. వాల్వు మార్పించలేదు, హోమం చేయించారు. వాళ్ళది పెద్ద రైతు కుటుంబం, తరాలుగా మా యజమానులు. పెళ్ళయినా, గృహప్రవేశమైనా, తద్దినమైనా నాన్నే వెళ్ళాలి. కాబట్టి హోమం చేయించిందీ నాన్నే. కంప్రెసర్ షెడ్డు ముందు ఇటుకలు పేర్చారు. పనివాళ్ళందరినీ కూర్చోబెట్టారు. నేను వెనకాల కూర్చుని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉన్నాను. ఆ మంత్రాలు పుట్టినప్పట్నుంచీ వింటున్నవే కాబట్టి ఏం చదువుతున్నారో నేను పట్టించుకోలేదు.

హోమం ఫలితం ఏమిటంటే, కొన్నాళ్ళకే అదే వాల్వు మళ్ళీ లీకయింది. ఈసారి నేనూ, ప్యాకింగులో ఇద్దరు ఆడవాళ్ళూ పడిపోయాం. వాళ్ళు తేరుకున్నారు. నన్ను ఏలూరులో అడ్మిట్ చేసి ఆక్సిజన్ పెట్టారు. అక్కడ ఊపిరితిత్తుల డాక్టరు గారు, పెద్దావిడ, నా మంచం పక్కన కూర్చుని మొట్టమొదట అడిగిన మాట: "మీరేం పని చేస్తారమ్మా?" అన్నాళ్ళలో ఒక్కరు కూడా నన్నది అడగలేదు. వచ్చీరాని గొంతుతో మొత్తం చెప్పాను.

కాస్త కోలుకున్నాక ఊపిరితిత్తుల పనితీరు చూసే పి.ఎఫ్.టి. పరీక్ష చేయించారు. ముక్కుకు క్లిప్పు పెట్టి గొట్టంలోకి ఊదమంటారు. టెక్నీషియన్ "ఊదండి ఊదండి, ఇంకా ఇంకా" అని అరుస్తూ ఉంటాడు. నేను ఊదలేక ఏడ్చాను. రిపోర్టు చూసి డాక్టరు గారు దాని పేరు రియాక్టివ్ ఎయిర్‌వేస్ డిస్‌ఫంక్షన్ సిండ్రోమ్ అని చెప్పారు.

"ఆ గ్యాసు మీ గాలిగొట్టాల లోపలి పొరను కాల్చేసిందమ్మా. ఎక్స్‌రేలో కనపడదు. ఇది ఎలర్జీ కాదు. ఇక ఆ ప్లాంటు గేటు దాటి లోపలికి వెళ్ళకండి."

ఇన్‌హేలర్లు, స్టెరాయిడ్ మాత్రలు మొదలయ్యాయి. మాత్రలకు ముఖం ఉబ్బిపోయింది, షుగరు వచ్చింది. మేనేజరు పలకరించడానికి వచ్చి, రెస్టు తీసుకుని కాస్త ఒళ్ళు చేశారండీ, చాలా సంతోషం అన్నాడు. నోట్లోంచి మాట రావడం లేదు గాని, వచ్చి ఉంటే ఆ పూట అతని సంతోషం తీర్చేదాన్ని.

వైద్యం ఖర్చు ఇప్పించమని, కంపెనీకి ఏలూరులో ఉన్న ఆఫీసులో ఏదైనా పని చూడమని అడిగాను. ఓనరు గారు ఫోనులో తేనె కారేలా మాట్లాడారు. మీరు మా ఆడపడుచులాంటివారు, ముందు ఆరోగ్యం చూసుకోండమ్మా, మిగతావి మేం చూసుకుంటాం అన్నారు. ఆ నెలాఖరుకే నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. మిగతావి చూసుకోవడమంటే అదన్నమాట.

ఏలూరు లేబర్ ఆఫీసులో నష్టపరిహారం కేసు వేశాను. కంపెనీ వాళ్ళు జవాబు దాఖలు చేశారు. ప్లాంటు పెట్టిన నాటి నుంచి నేటి వరకు గ్యాసు లీకన్నదే జరగలేదట. నాది పురోహితుల ఇల్లు కాబట్టి పుట్టినప్పటి నుంచి హోమాల పొగ పీల్చి, ఈ జబ్బు ఇంటి నుంచే తెచ్చుకున్నానట. సాక్ష్యానికి డస్ట్ ఎలర్జీ అని రాసిన కేసు షీటు పెట్టారు. వాళ్ళు లేదన్నందుకు నాకు ఆశ్చర్యం వేయలేదు. ఆ లేదనడానికి ఇంత నీచమైన దారి వెతికినందుకు అసహ్యం వేసింది. నాన్న చేత హోమం చేయించుకుని, దక్షిణ ఇచ్చి కాళ్ళకు దండం పెట్టినవాళ్ళే, ఆ పొగే నీ కూతుర్ని పాడుచేసిందని ఆయన నెత్తిన రుద్దారు.

ఈ జబ్బు ఆ ప్లాంటులోనే వచ్చిందని కేసు వింటున్న లేబర్ అధికారి తేల్చాలి. నాకు కావలసింది ఆ ఒక్క మాటే. అది వస్తే మందులకు ఆధారం దొరుకుతుంది. రాకపోతే బతికినన్నాళ్ళూ మా ఆయన జీతం ఇన్‌హేలర్లకు పోయాలి. పైగా మా ఇంటి పొగే నన్ను తినేసిందని ఊరంతా చెప్పుకుంటుంది.

కంపెనీ లాయరు తెలివైనవాడు. అంటే తను తెలివైనవాణ్ణని అనుకునేవాడు. హోమాల సంగతి రుజువు చేయడానికి తన తరఫు సాక్షిగా నాన్ననే పిలిపించాడు. యజమాని మాట కాదని ఈ ముసలాయన ఏం చెప్తాడులే అన్న ధైర్యం. నిజానికి నాకూ అదే భయం. వెళ్ళొద్దన్నాను, వెళ్తే జరిగిందంతా చెప్పమన్నాను.

"అబద్ధం చెప్పనమ్మా. అడగంది కూడా చెప్పలేను. వాళ్ళ ఉప్పు తిన్నాను," అన్నారు నాన్న.

ఆ ఉప్పు నా ఊపిరితిత్తుల కంటే ఎక్కువైందా అని అడిగేశాను. ఆయన లేచి వెళ్ళిపోయారు. నాకు ఆయన మీద కూడా రోత పుట్టింది. దాచడమెందుకు, పుట్టింది.

వాయిదా రోజున ఓనరు గారు తెల్లటి చొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూర్చున్నారు. నాన్నను చూసి లేచి నమస్కారం కూడా పెట్టారు. లాయరు మొదలుపెట్టాడు.

"పంతులు గారూ, మీ ఇంట్లో హోమాలు జరుగుతూనే ఉంటాయి కదండీ?"

"మా ఇంట్లో దీపం, అగరొత్తి అండీ. హోమాలు చేయించుకునేవాళ్ళ ఇళ్ళలో జరుగుతాయి."

"మీ అమ్మాయి గారు హోమం దగ్గర కూర్చోనే లేదంటారా?"

"కూర్చుందండీ. మీ వాళ్ళ ప్లాంటులో చేయించినప్పుడు."

లాయరు ముఖం వెలిగిపోయింది. పొగ బాగా వచ్చిందా, ఎంతసేపు కూర్చుంది, దగ్గిందా అని వరసగా అడిగాడు. వచ్చిందని, పూర్ణాహుతి దాకా కూర్చుందని, దగ్గుతూనే ఉందని నాన్న చెప్పారు. నేను తల దించుకున్నాను. అప్పటిదాకా ఫైలు తిప్పుతున్న అధికారి తలెత్తి, రొయ్యల ప్లాంటులో హోమం దేనికి చేయించారండీ అని నాన్నను అడిగారు.

నాన్న ఓనరు గారి వైపు చూశారు.  తర్వాత నిటారుగా నిలబడ్డారు.

"సంకల్పంలో చెప్పుకున్నదే చెప్తానండీ. ఏ ఫలం కోరి చేస్తున్నామో చెప్పుకోకుండా ఏ కర్మా మొదలుపెట్టం. అస్మిన్ కర్మాగారే విషవాయు దోష నివృత్త్యర్థం, కర్మకరాణాం ఆరోగ్య సిద్ధ్యర్థం అని చెప్పించానండీ. ఈ ప్లాంటులో విషవాయువు వల్ల కలుగుతున్న కీడు పోవాలి, పనివాళ్ళకి ఆరోగ్యం కలగాలి అని."

లాయరు లేచి, అవి మీరు సొంతంగా కల్పించి చదివిన మాటలు కదండీ అన్నాడు.

"కాదండీ. దేనికోసం చేయమంటారని నేనే అడిగాను. గ్యాసు మాటిమాటికీ లీకవుతోందండీ పంతులు గారూ, మనుషులు పడిపోతున్నారు, అని ఆయనే చెప్పారు. నీళ్ళు వదిలి, నా వెంట ఆ మాటలు పలికారు కూడా. కాదనమనండి."

ఓనరు గారు కాదనలేదు. ఔననలేదు కూడా. జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. దేవుడి ముందు ఒప్పుకున్నదాన్ని లేబర్ ఆఫీసు ముందు లేదనడానికి ఆయనకు ఏనాడూ నోరు తడబడలేదు. రెండూ ఒకే గదిలో ఎదురుపడేసరికి తడబడింది. ఆ రుమాలు చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పుకోదగ్గది కాదు, అయినా చెప్తున్నాను.

ఏలూరు డాక్టరు గారు కూడా వచ్చి సాక్ష్యం చెప్పారు. జబ్బు ప్లాంటులోనే వచ్చిందని తీర్పు వచ్చింది. కంపెనీ హైకోర్టుకు వెళ్ళింది, అక్కడ నడుస్తోంది. ఓనరు గారి ఇంటి నుంచి, వాళ్ళ చుట్టాల ఇళ్ళ నుంచి నాన్నకు పిలుపులు ఆగిపోయాయి.  ఉప్పు గురించి నేను అన్న మాటకు క్షమించమని నాన్నను అడిగితే, కాఫీ చల్లారిపోతోంది తాగమ్మా అన్నారు.

ప్లాంటులో ఈమధ్య మళ్ళీ హోమం జరిగిందని ప్యాకింగు ఆడవాళ్ళు చెప్పారు. వేరే ఊరి నుంచి వేరే పురోహితుణ్ణి పిలిపించారట. ఈసారి సంకల్పంలో గ్యాసు ఊసు లేకుండా, సర్వారిష్టాలు పోవాలని మాత్రమే చెప్పాలని లాయరు గారు ముందే దిద్దించారట. వాల్వు మాత్రం పాతదే.

నేను ఇప్పుడు ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తున్నాను. పొద్దున, సాయంత్రం ఇన్‌హేలర్ పీల్చుకుని నోరు పుక్కిలిస్తాను. మెట్లు ఆగి ఆగి ఎక్కుతాను. మా ఇంట్లో పోపు మా ఆయన పెడతారు, నేను వీధిలో నిలబడతాను. షుగరు అదుపులో ఉంది. గొంతు మునుపటిది కాదు గాని, నాలుగు మాటలు అనడానికి సరిపోతోంది.

ఇది చదువుతున్నవాళ్ళలో గ్యాసుల దగ్గర, పురుగుమందుల దగ్గర, పొగల దగ్గర పనిచేసేవాళ్ళుంటే ఒక్కటి చెప్తాను. ఆసుపత్రిలో మీ పక్కన ఎవరు నిలబడ్డా సరే, మీరు ఎక్కడ పనిచేస్తూ ఏం పీల్చారో డాక్టరుకు మీరే చెప్పండి. మాట రాకపోతే కాగితం మీద రాసివ్వండి. కేసు షీటులో అది ఎక్కేదాకా అక్కణ్ణుంచి కదలకండి. ఎదుటివాడు ఏమనుకుంటాడోనని ఊరుకున్నారా, రేపు మీ దేవుడి గూట్లో అగరొత్తిని ముద్దాయిని చేసి, ఆ సాక్ష్యానికి మీ నాన్ననే పిలుస్తారు.