కాలు దించని బావ

పోయిన నెలలో మేమంతా, అంటే ఒకే బడిలో పనిచేసి రిటైరైన నలుగురైదుగురు మేష్టార్లం, ఓ వ్యాను మాట్లాడుకుని పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాం. మలుపు మలుపుకీ డ్రైవరు గేరు మారుస్తున్నాడు, వ్యాను మూలుగుతోంది, మాలో ఒకాయన కళ్లు మూసుకుని నిమ్మకాయ వాసన చూస్తున్నాడు. వ్యానే ఆపసోపాలు పడుతున్న ఆ ఎత్తులో కొంతమంది కుర్రాళ్లు సైకిళ్లు తొక్కుకుంటూ పైకి పోతున్నారు. నెత్తిన టోపీలు, కళ్లకు రంగు అద్దాలు, ఒంటికి అతుక్కుపోయిన బట్టలు. ముందున్నవాడు సీటు మీంచి లేచి, పెడళ్ల మీద నిలబడి, రోడ్డుకి ఈ అంచు నుంచి ఆ అంచుకి పాములా మెలికలు తిరుగుతూ తొక్కుతున్నాడు. ఆ నడక నాకు తెలుసు. పైన టీ బడ్డీ దగ్గర వ్యాను ఆపితే కాసేపటికి వాళ్లూ వచ్చారు. అందరికన్నా ఆఖర్న, కాస్త బొద్దుగా ఉన్న ఒక అబ్బాయి సైకిలు దిగి, తోసుకుంటూ వచ్చాడు. మిగిలినవాళ్లు వాడికీ చప్పట్లు కొట్టారు. నేను ఉండబట్టలేక, "బాబూ, మధ్యలో కాలు దించితే మీవాళ్లు ఏమీ అనరా?" అని అడిగాను. వాడు నా వంక వింతగా చూసి, "దించితే ఏమవుతుందండీ? ఊపిరి ఆడకపోతే అందరం దించేస్తాం అంకుల్" అన్నాడు. నేను టీ గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చి వ్యానెక్కాను.

మాది బల్లపరుపు నేల. మచిలీపట్నంలో సైకిలెక్కి గుడివాడలో దిగితే దారి పొడవునా కాలవ వంతెనలు తప్ప ఎత్తన్నది తగలదు. నీళ్లకి కూడా ఎటు పారాలో తోచక, నిలబడి ఆలోచించుకుని మరీ కదిలే నేల అది. కొండంటే మాకు పాఠ్యపుస్తకంలో బొమ్మ. నాకు పాతికేళ్లు వచ్చేదాకా నేను చూసిన అసలైన ఎత్తు ఒక్కటే, దివిసీమలో మా అక్కని ఇచ్చిన ఊరి కరకట్ట. వరదనీళ్లు ఊళ్లోకి రాకుండా కృష్ణ ఒడ్డున పోసిన మట్టికట్ట. కట్టకి ఇవతల ఊరు, అవతల రేవు. రేవు నుంచి కట్ట మీదికి పద్ధతిగా ఓ బాట వేసి ఉంటే గొడవే లేకపోయేది. కానీ మనవాళ్లకి చుట్టూ తిరిగే ఓపిక ఎక్కడిది? గోడకి నిచ్చెన వేసినట్టు నిట్టనిలువుగా ఒక బాట తొక్కేశారు. ఎంతో పొడవు ఉండదు. కానీ వట్టి చేతులతో ఎక్కితేనే మోకాళ్ల మీద చేతులు వేసుకోవాలి. వాన పడితే అది నల్లరేగడి, ఇక చెప్పక్కర్లేదు.

ఆ కట్టని, వెనక రెండు గంపల చేపలు కట్టుకుని, కింద కాలు పెట్టకుండా సైకిలు మీద ఎక్కేవాడు ఒక్కడే ఉండేవాడు. ఆయన మా అక్క మొగుడు, మా బావ.

మాది సముద్రం మీద బతికే కులం. మా నాన్న బందరు దగ్గర వల లాగేవాడు. బావ మాత్రం పడవెక్కలేదు. తెల్లారేసరికి రేవుకి వచ్చే పడవల దగ్గర చేపలు కొని, సైకిలు మీద కట్ట మీదికి తెచ్చి అమ్మేవాడు. అలా తెచ్చేవాళ్లు ఊళ్లో చాలామందే. అందరూ కట్ట కింద దిగి, ఒకరి సైకిలు ఒకరు తోసుకుంటూ పైకి వచ్చేవాళ్లు. కట్ట మీద గంపలు పట్టుకుని మారుబేరం ఆడవాళ్లు కూర్చుని ఉండేవాళ్లు, లోపలి ఊళ్లకి మోసుకెళ్లి అమ్ముకోవడానికి. వాళ్లకో నమ్మకం ఉండేది. కాలు నేలకి తగలకుండా పైకి వచ్చిన సరుకుతో బోణీ చేస్తే ఆ రోజు గంపలో చేప మిగలదని. అందుకని ఎవరి చేపలు ఎంత ముందు వచ్చినా వాటిని ముట్టుకునేవాళ్లు కాదు. "ఉండండయ్యా, బావ రానీండి" అనేవాళ్లు. ఆయన నాకొక్కడికే కాదు, ఆ కట్టకంతటికీ బావే.

నేను డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకి అక్క దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ వేడుక చూడ్డానికే పొద్దున్నే లేచేవాణ్ణి. బావ పొట్టిమనిషి. సైకిలు పెద్దది, నల్లది, వెనక క్యారియరుకి ఇనప ఊచలు వెల్డింగు చేయించినది. రేవు పక్కనున్న తుమ్మచెట్టు దగ్గర్నుంచి ఊపు తీసుకునేవాడు. కట్ట మొదట్లోనే సీటు మీంచి లేచేవాడు. అక్కణ్ణుంచి నేరుగా కాదు, ఈ పక్క నుంచి ఆ పక్కకి, ఆ పక్క నుంచి ఈ పక్కకి. గంపల్లోంచి ఐసునీళ్లు కారుతూ ఆయన వెనకాల తడిగీత వంకర్లు తిరిగేది. సగానికి వచ్చేసరికి చక్రం దాదాపు నిలబడిపోయేది. ఇక పడ్డాడు అనుకునేవాణ్ణి. అప్పుడు పళ్లు కొరికి ఒక్క తొక్కు తొక్కేవాడు. కట్ట మీద ఆడవాళ్లు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చూసేవాళ్లు. ఎవరైనా సాయానికి చెయ్యి వేయబోతే, "చెయ్యెయ్యకండి, చెయ్యెయ్యకండి" అని ఆ ఆయాసంలోనే అరిచేవాడు. పైకి వచ్చాక సైకిలు స్టాండు వేసి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఏమీ జరగనట్టు బీడీ వెలిగించేవాడు. ఆ ఏమీ జరగనట్టు ఉండటం కోసమే ఆయన అంత కష్టం పడేవాడని నాకు అనిపించేది.

ఆ కట్ట దగ్గర ఇంకో పద్ధతి కూడా ఉండేది. సైకిలు వెనక ఎవరు కూర్చున్నా సరే, అల్లుడైనా, ఊరి పెద్దయినా, కట్ట కింద దిగిపోవాలి. నడిచి పైకి వచ్చి మళ్లీ ఎక్కాలి. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. గుడి ముందు చెప్పులు విడిచినట్టు, కట్ట రాగానే కాళ్లు వాటంతటవే దిగేవి.

నాకు నందివాడ దగ్గర ఒక ఊళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది. గుడివాడలో గది తీసుకుని ఉంటున్నాను. ఒక ఆదివారం అక్క బస్సెక్కి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి గిన్నెలు తోముతుందే గాని సంగతి చెప్పదు. చివరికి చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావ కట్టెక్కొచ్చాక గుండె పట్టుకుని కూర్చుంటున్నాడ్రా. బీడీ కోసం కూర్చున్నాడనుకుంటున్నారు అందరూ. డాక్టరు గారు బరువు తొక్కొద్దన్నారు. నేను చెప్తే వినడు. నువ్విస్తే కాదనలేడు."

ఏమిమ్మని అడగాల్సిన పని లేదు. అప్పటికి గుడివాడ వీధుల్లో పాలవాళ్లూ కూరగాయలవాళ్లూ అందరూ మోపెడ్ల మీదే తిరుగుతున్నారు. బావ కోసం నేనూ ఒక మోపెడ్ కొన్నాను. ఎర్రది. హ్యాండిలుకి బంతిపూల దండ కట్టించి, గుడివాడ నుంచి దివిసీమ దాకా నేనే నడుపుకుంటూ వెళ్లాను. దారిలో గాలి మొహాన కొడుతుంటే నా గొప్పతనం నాకే ముచ్చటేసింది. బావ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సీటు మీద చెయ్యి వేశాడు. "బాగుంది మేష్టారూ" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. బావమరిది తెచ్చిన వస్తువుని వద్దంటే అక్క పుట్టింటిని కాదన్నట్టు. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు, దాన్ని నమ్ముకునే అక్క గుడివాడ వచ్చింది.

మర్నాడు పొద్దున్న రేవుకి నేనూ వెళ్లాను. నా బండి కట్ట ఎక్కడం నేను చూడొద్దా? ముందు ఒక గంప, వెనక పక్కలకి రెండు గంపలు కట్టాడు. వెనక సీటు మీద నేను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ కూర్చున్నాను. తుమ్మచెట్టు దాటాం. కట్ట వచ్చింది. నా కాళ్లు వాటంతటవే కదిలాయి. కానీ పైన ఆడవాళ్లందరూ నిలబడి చూస్తున్నారు. కొత్త బండి మీద బావా బావమరుదులు ఇద్దరూ కలిసి పైకి రావడం నాకు అప్పటికే కళ్లకి కట్టేసింది. "దిగమంటావా బావా?" అన్నాను. ఆయన వెనక్కి తిరక్కుండానే, "కూర్చో మేష్టారూ, నీ బండే కదా" అన్నాడు.

మన ఇళ్లల్లో ఎవరు పెరిగినా ఆ మాటకి అర్థం తెలుస్తుంది. భోజనాల దగ్గర "ఇంకాస్త వడ్డించుకోండి" అన్నంత మాత్రాన గిన్నె బోర్లించుకోం కదా. కూర్చో అన్నవాడు కూర్చోమని కాదు అనేది. దిగేవాడు దిగుతూ వినాల్సిన మాట అది. నాకది తెలియదా? తెలుసు. అయినా కూర్చున్నాను.

సగం దాకా బాగానే ఎక్కింది. తర్వాత ఇంజను గొంతు మారింది. బావ అలవాటు కొద్దీ హ్యాండిలు పక్కకి తిప్పాడు, పాము నడకకి. సైకిలైతే మాట వినేది. మోపెడ్ ఓ దగ్గు దగ్గి ఆగిపోయింది. వెనక్కి జారుతోంది. వెనక నేనున్నాను. బావ ఎడమకాలు కింద పెట్టాడు.

నల్లమట్టిలో ఆ పాదం దిగబడటం నేను ఆయన భుజం మీంచి చూశాను. ఆపైన వెనక గంప ఒకటి ఒరిగి, చేపలు కట్ట మీంచి రేవు వైపు జారడం మొదలెట్టాయి. అటునుంచీ ఇటునుంచీ మనుషులు పరిగెత్తుకొచ్చి బండి మీద చేతులు వేశారు. ఈసారి ఆయన "చెయ్యెయ్యకండి" అనలేదు. ఒక ముసలాయన నవ్వుతూ, "పెళ్లికెళ్తూ పిల్లిని చంకనెట్టుకెళ్లినట్టు, బేరానికెళ్తూ బావమరిదిని ఎక్కించుకున్నావేంటయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా బావే నవ్వాడు. నవ్వుతూనే వంగి, మట్టి అంటిన చేపల్ని ఒక్కొక్కటే తువ్వాలుతో తుడిచి గంపలో వేశాడు. పైకి వచ్చేసరికి ఆడవాళ్లు వేరేవాళ్ల గంప దగ్గర బోణీ చేసేశారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకీ పొద్దెక్కుతోంది.

తర్వాతైనా నేనొక మాట అనుంటే సరిపోయేది. "బావా, ఈ బండి నీకు అచ్చిరాలేదు, అమ్మేసి సైకిలే తొక్కుకో" అనుంటే చాలు. ఇచ్చినవాణ్ణి నేను, నేనే అనాలి. ఆయన అనలేడు. నాలుగు నెలల తర్వాత వెళ్లినప్పుడు చూశాను. కట్ట కింద బండి దిగి, ఇంజను ఆడిస్తూనే పక్కన నడుస్తూ తోసుకొస్తున్నాడు, అందరితో పాటు. నన్ను చూసి, "భలే బండి మేష్టారూ, ఆయాసమన్నదే లేదు" అన్నాడు. నేను తలూపాను. అక్కతో ఒకసారి అన్నాను, పాపం బావ పేరు పోయిందే అని. అక్క కస్సుమంది. "పేరేం చేసుకోను రా? నాకు మనిషి కావాలి. గుండె పట్టుకుని కూర్చుంటే చూసేది నువ్వా, వాళ్లా?" అంది. ఆమె అన్నదీ నిజమే. అందుకే నా తప్పు ఎక్కడ మొదలైందో నాకు ఈనాటికీ తేలదు. బండి కొనడం తప్పు కాదు. దాని మీంచి దిగకపోవడం తప్పు. అంత చిన్న తప్పుకి ఎవరూ శిక్ష వేయరు, కాబట్టి అది అలాగే ఉండిపోతుంది.

ఏళ్లు గడిచాయి. కృష్ణ మీద పెద్ద వంతెన వచ్చింది. కట్టని వెడల్పు చేసి తారు పోశారు. రేవు బాటని కూడా చుట్టూ తిప్పి వాలు తగ్గించారు. ఇప్పుడు మూడో తరగతి పిల్లలు కూడా చిన్న సైకిళ్ల మీద గంట కొట్టుకుంటూ ఎక్కేస్తారు. బావ బేరం మానేశాడు. చివరిసారి నేను వెళ్లినప్పుడు ఇద్దరం సాయంత్రం ఆ కట్ట మీదే కూర్చున్నాం. ఎన్నో ఏళ్లుగా గొంతులో ఉన్నదాన్ని అప్పుడు బయటికి తీశాను. "బావా, ఆ రోజు నేను దిగాల్సింది" అన్నాను.

ఏ రోజని ఆయన అడగలేదు. నది వైపు చూస్తూ నవ్వాడు. "ఓసోస్, ఇంకా అదే మోస్తున్నావా మేష్టారూ? నిజం చెప్పనా? కాలు కింద పెట్టాక గాని తెలియలేదు నాకు, నేల ఎంత హాయిగా ఉంటదో. అన్నాళ్లూ దించుదామనే ఉండేది. దించనిస్తేనా వీళ్లు. నువ్వు దించావు" అన్నాడు. నా భుజం తట్టాడు. నాకు కళ్లు తిరిగినంత తేలికైంది. ఎవరైనా ఇంకెవరికైనా ఇంతకన్నా మంచి మాట చెప్పగలరా అనుకుంటూ బావ వెంట ఇంటికి నడిచాను.

అక్క లోపల కాఫీ పెడుతోంది. నేను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. చూరు కింద, గోడకి ఆనించి, గోనెపట్టా కప్పిన సైకిలు ఉంది. పట్టా కొంచెం ఎత్తాను. అదే నల్ల సైకిలు, అవే ఇనప ఊచలు. ఎందుకో చెయ్యి చాచి, వెనక టైరు బొటనవేలితో నొక్కాను. రాయిలా ఉంది. ముందుదీ నొక్కాను. అదీ అంతే. గొలుసు మీద కొత్త నూనె మెరుస్తోంది. టైరులో కొట్టిన గాలి ఎన్నాళ్లు నిలుస్తుందో సైకిలు తొక్కిన ప్రతివాడికీ తెలుసు. మళ్లీ పట్టా కప్పేసి వచ్చి కాఫీ తాగాను. బావ నా వంక చూశాడు, నేను ఆయన వంక చూడలేదు. నేల హాయన్న మాట నా కోసం అన్నదేనని, ఆ సాయంత్రం కట్ట మీద నన్ను కూడా ఆయన ఒకప్పటి గంపల్లా ఎక్కించేశాడని, నన్ను దిగనివ్వలేదని అప్పటికి నాకు అర్థమైంది.

తర్వాత రెండేళ్లకి బావ పోయాడు. కాలం ఎంత ఎత్తునైనా చదును చేస్తుందంటారు. కట్టని చేసింది, రేవుని చేసింది, కాలు దించడంలో ఉన్న సిగ్గుని కూడా ఆ ఘాట్ రోడ్డు కుర్రాళ్ల దగ్గరికి వచ్చేసరికి తుడిచిపెట్టేసింది. నా బొటనవేలి కింద ఆ టైరు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.