బాపు నడిపిన విమానం

ఆ రోజుల్లో నాకు నా గొంతు మీద ఎక్కడ లేని నమ్మకం ఉండేది. గోదావరిఖని కాలనీలో పుట్టి పెరిగినదాన్ని, ఒక్క కేకేస్తే వీధి చివరి క్వార్టరు దాకా వినబడేది. విమానాలకు దారి చెప్పే ఉద్యోగానికి ఇంకేం కావాలి అనుకున్నాను. శిక్షణ కేంద్రంలో మొదటి పరీక్షలోనే తప్పాను. అక్కడ నిజం విమానాలుండవు. మన ముందు తెర మీద బొమ్మ విమానం వస్తుంటుంది, పక్క గదిలో ఒక ఉత్తరాది ఆయన మైకు పట్టుకుని పైలట్‌గా మాట్లాడతాడు. కంగారులో నేను గడగడా చెప్పేస్తే ఆయనకు సగమే అందింది. మిగతా సగం ఆయనే ఊహించుకుని, దిగాల్సిన వైపు వదిలేసి ఎదురు వైపు నుంచి దిగబోయాడు. మేం మీసాల సారు అని పిలుచుకునే మాస్టారు (మీసం పెద్దదేం కాదు, దాన్ని దువ్వుకోవడమే పెద్ద పని) "ఇంకొక్క అవకాశం. అదీ పోతే ఇంటికే" అని తేల్చేశారు. మధ్యలో వారం సెలవిస్తే మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాను.

మా బాపు భూగర్భ గనిలో పట్టాల మీది బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగే యంత్రం నడిపేవాడు. లోపలి నుంచి గంట ఒక్కటి మోగితే ఎందుకని అడగకుండా ఆపెయ్యాలి. అనుమానమొచ్చినా ఆపెయ్యాలి. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు, మాలో ఎవరికైనా పొలమారితే చేతిలో ముద్ద అలాగే ఆపి చూసేవాడు. నా గోడు విని, "గింత దానికి ఏడుస్తరా బిడ్డా? నేనే విమానమైత. నువ్వు డాబా ఎక్కి చెప్పు, నేను స్కూటర్ మీద తిరుగుత" అన్నాడు. రోజూ డ్యూటీ దిగి, స్నానం చేసి, చెవుల్లో ఫోను తీగలు పెట్టుకుని, హెల్మెట్‌తో బయల్దేరేవాడు (కాలనీలో ఆయన హెల్మెట్ పెట్టింది ఆ వారమే). మా గేటు ముందరి సందు రన్‌వే. నేర్పిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో నేను ఎడమకు తిరగమంటే, "ఆఁ, సరే బిడ్డా" అనేవాడు.

"గట్ల కాదు బాపూ, నేను చెప్పింది మళ్ల నాకు అప్పజెప్పాలె. అప్పుడే నీకు సరిగ్గ ఇనబడ్డదని నాకు తెలుస్తది."

"నువ్వు చెప్పినవ్, నేను ఇన్న. నీ మీద నమ్మకం లేకుంటె గద మళ్ల అడుగుడు?" అని ఆయన వాదన.

ఒక సాయంత్రం బాపు చక్కగా సందులోకి దిగబోతుంటే ఎవరిదో బర్రె అడ్డంగా వచ్చి నిలబడింది. "గో అరౌండ్!" అని అరిచాను. దిగొద్దు, పైకి లేచి ఒక చుట్టు తిరిగి రా అని దానర్థం, పొద్దున్నే నేర్పాను కూడా. బాపు పక్క వీధిలోకి మళ్లాల్సింది పోయి టక్కున బ్రేకు వేసి, రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడ్డాడు. "ఎందుకాగినవ్ బాపూ? విమానం గాల్ల ఆగుతదా? కూలిపోయినవ్!" అని నెత్తి కొట్టుకున్నాను. అంతే, వీధి పొడవునా తలుపులు తెరుచుకున్నాయి. గని కార్మికుల కాలనీలో ఆ మాట విని ఎవరూ కూర్చోలేరు. మా అమ్మ గరిటెతోనే ఉరికొచ్చి, "ఏడ కూలింది? ఏ బాయిల? లోపల ఎవలున్నరు?" అంది (మా దగ్గర గనిని బాయి అంటారు). బాపు హెల్మెట్ తియ్యకుండానే, "నేనే కూలిన. బర్రె అడ్డమొచ్చింది" అని చల్లగా చెప్పాడు. "నీ పరీక్ష పాడుగాను! మంచిగున్న మనిషిని సంపుతవా?" అని అమ్మ ఆ రోజు నన్ను తిట్టిన తిట్లకు లెక్క లేదు. అన్నాల దగ్గర బాపు మెల్లగా అన్నాడు, "ఎదురుంగ పానమున్నది బిడ్డా. చెయ్యి దానంతటదే బ్రేకు మీద పడ్డది."

పరీక్ష రోజు వచ్చింది. తెర మీద విమానం దిగడానికి బాగా దగ్గరికొచ్చాక, మీసాల సారు రన్‌వే మీదికి ఒక జీపును వదిలారు. నేర్చుకున్నదంతా ఎగిరిపోయి నా నోట్లోంచి "ఆగు! ఆగు!" అని తెలుగు ఊడిపడింది. పక్క గదిలో ఆయన బిత్తరపోయి, ఏమన్నారని ఇంగ్లీషులో అడిగాడు. నాకు స్కూటర్ మీద కాళ్లు ఆనించి నిలబడ్డ బాపు కనబడ్డాడు. అంత భయంలోనూ నవ్వొచ్చింది, నవ్వుతోపాటు గొంతూ వచ్చింది. "గో అరౌండ్" అన్నాను, నిదానంగా. ఆయన "రోజర్" (అందింది) అని ఊరుకోబోతే వదల్లేదు, చెప్పింది మళ్లీ చెప్పించుకున్నాను. విమానం ముక్కు పైకెత్తింది. సారు అక్కడికే తెర ఆపేయించి, "ఆ 'ఆగు' ఏమిటమ్మా?" అన్నారు. "మా ఇంటి అలవాటు సార్" అన్నాను. మీసం దువ్వుకుని, "మానుకో. పాసయ్యావు" అన్నారు.

బయటికి ఉరికి బాపుకు ఫోన్ చేసి ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను. అవతల సంబరమేమీ వినబడలేదు.

"మరి గా విమానం దిగిందా బిడ్డా?"

"అది బొమ్మ బాపూ. అండ్ల మనుషులుండరు."

"నాకెరుకే. దిగిందా?"

"లేదు. పరీక్ష అయిపోయిందని సారు బంద్ చేసిండు."

"అరెరె! గాల్లనే ఇడిసిపెట్టొస్తివా?"

ఏం చెయ్యను? వెనక్కెళ్లి మీసాల సారును కాళ్లావేళ్లా పడి బతిమాలాను. పాసైన పరీక్షను మళ్లీ పెట్టమన్న పిల్లను ఆయన అంతకుముందు చూసి ఉండరు. తెర వెలిగింది. ఉత్తరాది ఆయన చాయ్ గ్లాసుతోనే మైకు ముందు కూర్చున్నాడు. ఆ విమానాన్ని చుట్టు తిప్పి మెల్లగా దింపి, మళ్లీ ఫోన్ చేశాను. "దిగింది బాపూ, అందరు మంచిగున్నరు."

"శాన మంచిగైంది" అన్నాడు. గొంతులో అప్పుడొచ్చింది నవ్వు. "ఇగ చెప్పు, ఇందాక పాసైన అంటివా?"

ఇప్పుడు రోజూ నేను దింపేవి నిజం విమానాలే. ఎవరూ లేని బొమ్మ విమానం కోసం సారును బతిమాలిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. వెక్కిరించబుద్ధి మాత్రం కాదు. బాపు అడిగిన తర్వాత ఆ పిల్లకు ఆ విమానంలో నిజంగానే మనుషులు కనబడ్డారు.