మా బజారుకి కాపలా

మా తాతలు వలస వెళ్లిన దేశంలో మాకు కిరాణా కొట్టుండేది. ఒక కెప్టెన్ దాన్ని దోపిడీ చేయించి, నాన్నని నడివీధిలో మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. నిరుడు అక్కడి నియంత పాలన కూలిపోయింది. పాత సైన్యంలో ఎవర్ని ఉంచాలో చెప్పమని కొత్త ప్రభుత్వం మా ప్రవాసుల కమిటీని అడిగింది. మేం ఇప్పుడుంటున్న ప్లేనో ఊళ్లో, కమిటీ పెద్దాయన ఇంట్లో కూర్చున్నాం.

"ఆ కెప్టెన్‌ని పీకేయాల్సిందే" అన్నాను.

"పీకేస్తే తుపాకీతో అడవిలోకి పోతాడయ్యా. వెనకాల అతని దళమంతా పోతుంది. లోపలే ఉంచాలి."

"అయితే హోదా తీసేసి మా బజారుకి కాపలా పెట్టండి. చేతిలో కర్ర చాలు."

"పగలో కూడా బేరమేనా?"

"కొట్లో పెరిగినవాణ్ని అంకుల్. మనసులో ఉరి దగ్గర మొదలుపెట్టి ఇక్కడిదాకా దిగాను."

ఒప్పుకున్నారు. మొన్న అక్కడే ఉంటున్న పిన్ని ఫోన్ చేసి, పాపం ఎండలో నిలబడుతున్నాడు, గొడుగిద్దామా అంది.

వద్దన్నాను.