బల్ల మీద జామముక్క

హైటెక్ సిటీ కొత్తగా తెరిచిన రోజులు. మాదాపూర్ బస్‌స్టాప్‌లో సిమెంటు బల్ల మీద నా పక్కన యాభై ఏళ్ల వాచ్‌మన్ ఒకాయన కూర్చున్నాడు. ఉప్పూకారం చల్లిన జామముక్క ఒకటి ఆయనకు ఇవ్వబోయాను.

"బల్ల మీద పెట్టుండ్రమ్మా" అన్నాడు, చెయ్యి చాపకుండా.

ఊరి బయటి వాడలో పుట్టినదాన్ని. చేతికి తీసుకోకపోవడమంటే నాకు ఒకటే అర్థం. ముక్కను అక్కడ పడేసి ముఖం తిప్పుకున్నాను.

ఆయన గాభరాపడ్డాడు. "తప్పుగ అనుకోకుండ్రి. నేపాల్ల ఒక క్యాసినో హోటల్ల పన్నెండేండ్లు పేకముక్కలు పంచిన. ఆడ ఏదీ చేతికి తీసుకోవద్దు. ఆడేటోళ్లు పైసలు టేబుల్ మీద పెట్టాలె, పైన కెమెరా చూడాలె, అప్పుడు మేం ముట్టాలె. గదే అలవాటైంది."

బల్ల మీది ముక్క తీసుకుని, నేను అడగకుండానే ఇంకా చెప్పాడు.

"నా డ్యూటీ అయిపోంగనే ఆ టేబుల్‌కు నా జాగల పంచెటందుకు ఒకామె వస్తుండె. లేచేటప్పుడు నేను ఏం దాయలేదని చప్పట్లు కొట్టి, రెండు చేతులు తిప్పి చూపియ్యాలె. అన్నేండ్లు రోజూ ఆమెకు ఖాళీ చేతులే చూపిచ్చిన. హోటల్ మూతపడ్డది. ఆమె ఇప్పుడు యాడుందో."

ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చింది. లేస్తూ, అలవాటుగా మెల్లగా చప్పట్లు కొట్టి అరచేతులు నా వైపు తిప్పాడు. నా దగ్గర మిగిలిన ఒక్క ముక్కను ఒక చేతిలో పెట్టాను.

వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన గుప్పిట విప్పలేదు.