కంప్యూటర్ వేసిన వంతులు

ఎమ్‌సీఏ చివరి సెమిస్టరు వచ్చేసరికి మా క్లాసులో చాలామంది ప్రాజెక్టు కొనుక్కునే పనిలో పడ్డారు. నెల్లూరులో ఆ అంగళ్లకు కొదవ లేదు. డబ్బు కడితే ప్రోగ్రాం, రిపోర్టు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు కూడా కలిపి ఇస్తారు. ముఖం చూసి హాజరు వేసే ప్రోగ్రామే మావాళ్లు ఎంతమంది కొన్నారో లెక్కలేదు. నాకు ఒళ్లు మండింది. హాస్టల్లో నీళ్ల సాంబారు తాగుతూ చదివింది ఇందుకా అనిపించింది. నా ప్రాజెక్టు నేనే చేస్తానని గైడ్ మేడంతో చెప్పాను. దేని మీద అని అడిగారావిడ. మా ఊరి చేపల వంతుల మీద అన్నాను. ఆవిడ, అదేమిటో ముందు నాకు అర్థమయ్యేలా చెప్పు అన్నారు.

ఆవిడకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. మాది సూళ్లూరుపేట దాటాక పులికాట్ సరస్సు ఒడ్డున ఉండే చేపల ఊరు. సరస్సులో ఎవరికి తోచిన చోట వాళ్లు వల కట్టడానికి లేదు. సముద్రం నీళ్లు లోపలికి వచ్చే దారిలో, రొయ్య బాగా పడే చోట్లు కొన్నే ఉన్నాయి. ఈడొచ్చిన ప్రతి మగవాడికీ వాటిలో వంతు ఉంటుంది. ఈరోజు ఒకడిది, రేపు ఇంకొకడిది. ఏడాదికోసారి చీట్లు వేసి ఎవరి తర్వాత ఎవరో తేలుస్తారు. నాన్న పోయాక ఆయన వంతు ఆయనతోనే పోయింది. మా ఇంటికి మిగిలినవి అన్న వంతు, నా వంతు.

నేను చదువుకు వెళ్లాక నా వంతు రోజున కూడా అన్నే వల కట్టేవాడు. నా ఫీజు, మెస్సు ఖర్చు ఆ రొయ్యల్లోంచే గడిచేవి. పొద్దున్నే పడవలోంచి ఫోన్ చేసి, ఈరోజు నీ వంతురా అని గుర్తుచేసేవాడు. బాగా పడితే నా చెయ్యి మంచిదనేవాడు. పడకపోతే, నువ్వు పుస్తకం ముందు నిద్రపోయుంటావు అని ఏడిపించేవాడు. ఆ ఫోన్ వచ్చిన రోజు నాకు క్లాసులో కూడా కాళ్లకింద నీళ్లున్నట్టే ఉండేది. పైగా మా కాలేజీకి కంపెనీలు రావడం దాదాపు మానేశాయి. సీనియర్లు ఇళ్లల్లో ఖాళీగా కూర్చున్నారు. ఉద్యోగం రాకపోతే ఏముంది, ఊరికి పోయి నా వంతు నేను కట్టుకుంటాను అన్నదే నా ధైర్యం. ఆ మాట బయటికి ఎవరితోనూ అనలేదు గానీ, లోపల దాన్ని పట్టుకునే బతికాను.

సముద్రపు దారి ఇసుకతో పూడిపోతున్నకొద్దీ మంచి చోట్లు తగ్గిపోయి, చీట్ల రోజున గొడవలు ఎక్కువయ్యాయి. ఫలానావాడికి మంచి చోటు రెండుసార్లు వచ్చిందనీ, మాకు రాలేదనీ. కంప్యూటర్ వంతులు వేస్తే ఎవరూ ఎవర్నీ అనుమానించే పని ఉండదని నా ఆలోచన. మా కుల పెద్ద వరసకు నాకు మామ అవుతాడు. సెలవుల్లో ఆయన దగ్గర కూర్చుని కట్టుబాట్లన్నీ చెప్పించుకున్నాను. జబ్బు చేస్తే ఏమిటి, ఇంట్లో చావు జరిగితే ఏమిటి, ఇద్దరు మార్చుకోవాలంటే ఏమిటి అని అడుగుతూ పోయాను. అందులో ఒకటి, ఏడాదిలో ఒక్కసారైనా సొంతంగా నీళ్లలోకి దిగనివాడికి వంతు ఉండదని. జబ్బు పడ్డవాడికి మాత్రం మినహాయింపు. అది చెప్పేటప్పుడు మామ ఒక్క క్షణం ఆగి నావైపు చూశాడు. తడ వైపు ఫ్యాక్టరీల్లో చేరిపోయిన వాళ్లకోసం పెట్టిన కట్టుబాటది. నేను మామూలుగా రాసుకున్నాను.

ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఎప్పుడు నీళ్లలో దిగారో అడిగి కంప్యూటర్లో ఎక్కించాను. నాది కూడా ఉన్నదున్నట్టే ఎక్కించాను. నేను చివరిసారి దిగింది యూనివర్సిటీలో చేరకముందు ఎండాకాలంలో. ఆ కట్టుబాటు నాకు వర్తిస్తుందన్న ఆలోచనే రాలేదు. ఫ్యాక్టరీకి పోయినవాడు ఊరు వదిలినట్టు. నేను ఊరు వదల్లేదు, చదువుకుంటున్నాను, అంతే. నా మనసులో నేనింకా చేపలవాడినే.

చీట్ల ముందు ఒక మధ్యాహ్నం, వలలు బాగుచేసుకునే పాక కింద అందరినీ కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ తెరిచాను. పేర్లు తెలుగులోనే వచ్చేలా చేయడానికి నానా తంటాలు పడ్డాను. వచ్చిన పేరు వచ్చినట్టు గట్టిగా చదివాను. మామ పేరు వచ్చింది, అన్న పేరు వచ్చింది. ఒక్కో పేరుకీ జనం నవ్వుతున్నారు, ఈలలు వేస్తున్నారు. అన్న ముఖం వెలిగిపోయింది. చివరిదాకా చదివాను. నా పేరు రాలేదు.

ఎక్కడో తప్పు జరిగిందన్నాను. మళ్లీ నడిపాను. మళ్లీ రాలేదు. కోడ్ పైకీ కిందికీ జరుపుతూ తప్పు వెతకడం మొదలుపెట్టాను. అంతవరకూ నవ్విన వాళ్లు చూపులు తిప్పుకున్నారు.

"చాల్లేరా, మూసెయ్" అన్నాడు అన్న నెమ్మదిగా.

వెనక కూర్చున్న ఒకాయన లేచాడు. ఆయన తమ్ముడు ఫ్యాక్టరీలో చేరాడని ఏడాది కిందటే వంతు తీసేశారు. "దాంట్లో తప్పేముంది? మా తమ్ముడికి తీసేసినప్పుడు ఇదే మాట జెప్పినారు గదా" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఒక్కసారిగా అర్థమై, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏటా చీట్లకు ముందు మా అన్న, మామ దగ్గరికి పోయి, తమ్ముడు సెలవులకు వచ్చినప్పుడు వల కట్టినాడని చెప్పేవాడట. మామ సరేననేవాడట. ఆయనకు తెలుసు, ఊళ్లో సగం మందికి తెలుసు. చదువుకునే పిల్లోడు కదా అని ఎవరూ నోరు విప్పలేదు. తెలియనిది నాకొక్కడికే. నేను సెలవులకు వచ్చి చేసింది అన్నం తినడం, పడుకోవడం, ఫోన్ చూడటం.

మామ చేతిలోని వల దారం పక్కన పెట్టాడు. "ఇంతమంది ముందర నువ్వే జదివినాక నేనింకేం జెప్పేది అబ్బయ్యా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఇంటికి నడుస్తూ అన్న నన్ను ఒక్క మాట అనలేదు. ప్రోగ్రాం బాగా చేశావన్నాడు. పోయింది నా ఒక్కడి వంతు కాదు, ఆ ఇంటి రాబడిలో సగం. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నాకు ఎత్తే ధైర్యం లేదు. ఆ తర్వాత నెల్లూరు వెళ్లే ప్యాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ ఎవరి రెక్కల మీద నేను చేపలవాడినని చెప్పుకున్నానో తలుచుకుని ఏడ్చాను. ఎదురు సీటులో ఉన్న ముసలామె ఎవరైనా పోయారా నాయనా అని అడిగింది. లేదన్నాను.

వైవాకు బయటి యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చారు. కొన్న ప్రాజెక్టులు వరసగా చూసి విసిగిపోయినట్టున్నారు, నాది చూడగానే కుర్చీ ముందుకు లాక్కున్నారు. పేర్లు తీసేసి నంబర్లు పెట్టాను. ఆయన కిందిదాకా చూసి ఒకచోట వేలు పెట్టి, అందరికీ వంతు వచ్చింది, ఈ ఒక్కరికే రాలేదు, ప్రోగ్రాంలో తప్పుందేమో చూశావా అని అడిగారు. గైడ్ మేడం తల దించుకున్నారు. ఆవిడకు ముందే చెప్పాను ఆ నంబరు నాదేనని.

"తప్పు లేదు సార్. ఆయన నీళ్లలోకి దిగడం మానేశాడు" అన్నాను.

అయితే ఇక ఎప్పటికీ రాదా అన్నారు. మళ్లీ ఏడాదంతా దిగితే వస్తుంది సార్, ఆ కట్టుబాటు కూడా రాశాను అని చూపించాను. ఆయన సరదాపడి, మరి దిగుతాడంటావా అన్నారు. ఆయనకది మాటవరసకు అడిగిన ప్రశ్న. తెలియదు సార్ అన్నాను. ఆయన తల ఊపి సంతకం పెట్టారు.

సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని అన్నకు ఫోన్ చేశాను. మంచి మార్కులు వస్తాయని చెప్పాను. సంతోషపడ్డాడు, వదినను పిలిచి చెప్పాడు. ఇంకేం మాట్లాడాలో తెలియక, ఈరోజు ఏం పడిందన్నా అని అడిగాను. నోటికి అలవాటైన మాట అది.

"ఈరోజు మనది గాదు గదరా" అన్నాడు.