చిన్నమామ అయిదు నిమిషాలు

ఆ రోజుల్లో మనిషి మంచివాడైతే చాలు, ఎన్నికల్లో గెలవడం దానంతటదే జరిగిపోతుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. మెటలర్జీ పట్టా చేతబట్టుకుని హిందూపురంలో ఒక గేర్ల ఫ్యాక్టరీలో చేరిన కొత్త అది. ఆ ఉద్యోగం చూపించింది మా చిన్నమామ, అంటే మా అమ్మ తమ్ముడు. అదే ఫ్యాక్టరీలో గేర్లను ఫర్నేసులో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచే విభాగానికి ఆయనే పెద్ద. పొద్దున పోయేటప్పుడు తెల్లచొక్కా, సాయంత్రం వచ్చేటప్పుడు ఏ రంగో చెప్పలేని చొక్కా (అత్త ఆ చొక్కాలను ఉతికేది కాదు, వాటితో పోట్లాడేది).

మా వైపు మెటీరియల్స్ ఇంజనీర్లందరికీ కలిపి ఒక సొసైటీ ఉండేది. దాని బోర్డులో రెండు స్థానాలు ఖాళీ అయితే మామ పోటీకి నిలబడ్డాడు. పదవి మీద ఆశతో కాదు. సొసైటీ శిక్షణ తరగతులన్నీ బెంగళూరులోనే జరిగేవి. షిఫ్టులు వదులుకుని మా ఫ్యాక్టరీవాళ్లు అంతదూరం పోలేకపోయేవాళ్లు. బోర్డులో కూర్చుంటే ఆ తరగతులను హిందూపురానికి తేవచ్చని ఆయన ఆలోచన. పోటీలో ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన కాలేజీలో పాఠాలు చెప్పే సారు. రెండో ఆయన వంతెనలకు పోసే కాంక్రీటు నాణ్యత చూసే ఇంజనీరు. అందరూ సిమెంటన్న అనేవాళ్లు. పెనుకొండలో సభ పెట్టి, ఒక్కొక్కరు అయిదు నిమిషాలు తమ ఉద్యోగ నేపథ్యం చెప్పుకోవాలన్నారు. ఆ తర్వాత ఓట్లు. నాకు ఓటు లేదు (సర్వీసు చాలదన్నారు), కాబట్టి ప్రచారమంతా నేనే నెత్తిన వేసుకున్నాను.

మొదట ఇంట్లో ప్రసంగం సాధన చేయించాను. మామ బీరువా అద్దం ముందు నిలబడి, పాలిటెక్నిక్‌లో తనకు చదువు చెప్పిన అయ్యవారితో మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి హాస్టల్లో అన్నం పెట్టిన వంటమనిషికి, తనకు సైకిలిచ్చిన స్నేహితుడికి పోయాడు. అత్త కూరగాయలు తరుగుతూ గడియారం చూసి, "అయిదు నిమిషాలైపాయె. నువ్వింకా ఉద్యోగంలో చేరనే ల్యా" అంది. మామ చెమట తుడుచుకుని, "వాళ్లు లేకుంటే నేను యాడ చేరేవాణ్ణి?" అని మళ్లీ మొదటికొచ్చాడు.

ధర్మవరంలో ఒక సభ్యుడున్నాడని తెలిసి, ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి ఇంజనీరయిన మనిషి. మేం పోయేసరికి ఆయన ఇంట్లో లేడు. వాళ్లమ్మ మగ్గం పక్కన కూర్చుని దారం చుడుతోంది. పెళ్లిచీరలకు వచ్చామనుకుందేమో, నన్ను చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. "రాప్పా, రా తల్లీ, కూకోండి. పెండ్లెప్పుడు?" అంటూ చాప పరిచి, ఒకటి తర్వాత ఒకటి చీరలు విప్పడం మొదలుపెట్టింది. నేను మామ చెవిలో, "ఓటు కోసం వచ్చినామని చెప్పు మామా" అని గొణిగాను. "అంత ప్రేమగా చూపిస్తాంటే ఎట్లా చెప్పేది పాపా?" అన్నాడు ఆయన. చివరికి చిలకపచ్చకు ఎర్రంచు చీర కొని, సంచి చంకలో పెట్టుకుని గడప దాటుతుంటే కొడుకు ఎదురొచ్చాడు. సంగతి విని నొచ్చుకున్నాడు. "అయ్యో సార్, నా మెంబర్‌షిప్పు పోయి శానా దినాలాయ. నాకు ఓటే లేదు."

ఇంటికొచ్చాక అత్త ఆ చీరను భుజం మీద వేసుకుని చూసుకుని, "ఇట్లాంటి ప్రచారం దినామూ చెయ్యి, నేనేమీ అనను" అంది.

సభ పెనుకొండలో హైవే పక్కన ఒక హోటలు మేడ మీద జరిగింది. ముందు సిమెంటన్న తెర మీద ఫొటోలు వేసి చూపించాడు. అన్నింట్లోనూ ఆయన తెల్ల హెల్మెట్ పెట్టుకుని ముందు నిలబడి ఉంటే, వంతెన ఎక్కడో ఆయన చెవి పక్కన చిన్నగా కనిపించేది. తర్వాత కాలేజీ సారు వంతు. పాపం, ఆయనకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. కాగితం పట్టుకుని దిక్కులు చూసి, ముందు వరుసలో ఉన్న మామ చేతికిచ్చి, చదవమని సైగ చేశాడు. నేను వెనకనుంచి మామ చొక్కా పట్టుకుని లాగాను. ఆయన అప్పటికే లేచేశాడు.

కాగితంలో ఉన్నది నాలుగు ముక్కలే: ఏం చదివారు, ఎక్కడ పనిచేశారు, ఎన్ని వ్యాసాలు రాశారు. అవి చదివి మామ కూర్చుంటే ఏ గొడవా ఉండేది కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఇందులో ఈ సారు రాసుకోని సంగతి ఒకటి ఉండాదప్పా" అన్నాడు. "పిల్లోళ్లను మా ఫర్నేసు కాడికి తోడుకొని వస్తాడు. ఆ వేడికి మేమే నిలబడలేం. ఈయన ఒక్కొక్క పిల్లోణ్ణీ దగ్గర నిలబెట్టుకోని, ఇనుము రంగు మారేది చూపిస్తాడు. అర్థం కాలేదని ఎవరన్నా అంటే మళ్లీ మొదట్నుంచీ చెప్తాడు. అట్లాంటి చదువు నాకు దొరకలేదే అని నాకు కుళ్లు." అద్దం ముందు ఒక్కసారి కూడా పలకని గొంతు అది. జనం లేచి చప్పట్లు కొట్టారు. కాలేజీ సారు కళ్లు తుడుచుకున్నాడు.

వెంటనే మామ వంతు. అప్పటికి ఆయన దగ్గర మాటలన్నీ అయిపోయాయి. "నాది చెప్పుకొనేకి ఏముండాదప్పా, మంట కాడ పని" అని, వచ్చినవాళ్లందరికీ దండం పెట్టి కూర్చున్నాడు. అయిదు నిమిషాల్లో అర నిమిషం కూడా వాడుకోలేదు.

ఒక్క ఓటుతో ఓడిపోయాడు. సిమెంటన్నకు ఎక్కువొచ్చాయి, రెండో స్థానం కాలేజీ సారుది. హిందూపురం బస్సులో కిటికీ పక్కన కూర్చుని అడిగాను.

"మామా, ఒక్కొక్కరికి రెండు టిక్కులు కదా. నువ్వెవరికి పెట్టినావు?"

"వాళ్లిద్దరికీ."

"మరి నీకు?"

"మన పేరుకు మనమే టిక్కు పెట్టుకుంటే ఏం బాగుంటాది పాపా? సిగ్గు కదా!"

సోమందేపల్లి దాటేదాకా నేను మొహం కిటికీ వైపు తిప్పుకునే కూర్చున్నాను. ఆయన మాత్రం దారి పొడుగునా కాలేజీ సారు గొంతుకు మిరియాల కషాయం మంచిదా, శొంఠి మంచిదా అని పక్క సీటు పెద్దమనిషితో చర్చించాడు.

ఆ సారు కొన్ని నెలలకే వేరే జిల్లాకు బదిలీ అయిపోయాడు. ఆ స్థానం ఖాళీగానే ఉండిపోయింది. మామకు నడుం నొప్పి ముదిరి, ఉద్యోగం మానేసి, రొళ్ల దగ్గర అత్తవాళ్ల వేరుశెనగ పొలం చూసుకోవడానికి వెళ్లిపోయాడు. తర్వాతి ఎన్నికలకు నిలబడమని అడగడానికి నేను అక్కడికి పోతే, మట్టి చేతులు దులుపుకుంటూ నవ్వాడు. "ఇప్పుడు నా బ్యాగ్రౌండంతా చెనిక్కాయలే గదా పాపా." మళ్లీ తనే, "ఆ తరగతులు హిందూపురానికి వచ్చినాయా?" అని అడిగాడు.

"రాలేదు మామా."

"అట్లనా," అని మళ్లీ మడిలోకి దిగాడు. పార తీసుకుని నీళ్లను పక్క సాలుకు మళ్లించాడు.

ఇప్పుడు అదే సొసైటీ బోర్డుకు నన్ను నిలబడమంటున్నారు. ఇన్నేళ్లలో నేను బాగానే ఆరితేరాను. నా గురించి నేను అరగంట ఆపకుండా చెప్పుకోగలను, మధ్యలో మంచినీళ్లు కూడా అడగను. పోటీలో ఉన్న ఇంకొకరి గురించి రెండు మంచి మాటలు చెప్పి చూద్దామని మొన్న ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించాను. మొదటి వాక్యం బాగానే వచ్చింది. రెండో వాక్యంలో, ఎట్లా వచ్చానో నాకే తెలియదు, మళ్లీ నేనే ఉన్నాను.